మాటల వెనక మతలబు

ఇంగ్లిషు మీద పాఠకులు అడిగిన ప్రశ్నలకు గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న విశ్రాంత ఇంగ్లిషు లెక్చరర్ జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఉపన్యాసాల మీద, ఒప్పించే మాటల మీదే ఉన్నాయి.

ప్రశ్న: మాస్టారూ, నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎమ్మే ప్రవేశ పరీక్ష కోసం అనాఫరా, ఎపిస్ట్రఫీ, కయాజ్మస్, లైటోటీజ్ అంటూ గైడులో ఉన్న పేర్లన్నీ నిర్వచనాలతో సహా బట్టీ పట్టాను. తీరా ఒక ఉపన్యాసం ఇచ్చి, ఇందులోని రెటారికల్ డివైసులు (ఒప్పించే మాటల ఎత్తుగడలు) గుర్తించి వాటి ప్రభావం రాయండి అంటే నాకు మెటఫర్ (రూపకం) తప్ప ఇంకేమీ కనబడదు. ఎలా చదవాలి?
— విద్యార్థిని, పట్టాభిపురం, గుంటూరు

జవాబు: అమ్మాయీ, ముందు ఆ గైడును కొన్నాళ్ళు అటక మీద పెట్టు. అది పేరు చెబుతుంది, నిర్వచనం చెబుతుంది, ఉదాహరణకు ఒక వాక్యం పడేస్తుంది. ఆ వాక్యం ఎవరన్నారో, ఎవరి ముందు అన్నారో, ఏ అవసరం వచ్చి అన్నారో చెప్పదు. ప్రశ్నలో 'ప్రభావం' అన్న మాట ఉంది చూశావా? మార్కులన్నీ అక్కడే ఉన్నాయి. పేరుకు ఒక మార్కు వస్తే గొప్ప.

ఒక ఉపన్యాసం తీసుకుందాం. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో, లింకన్ స్మారక మందిరం మెట్ల మీద నిలబడి నల్లవాళ్ళ హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడాడు. ఎదురుగా సుమారు రెండున్నర లక్షల జనం. ఆ ఉపన్యాసం పేరెత్తగానే 'ఐ హావ్ ఎ డ్రీమ్' అంటారు అందరూ. నీ గైడులో అనాఫరాకు అదే ఉదాహరణ అయి ఉంటుంది. వాక్యాల మొదట్లో అవే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి అది అనాఫరా. సరే, ఒప్పుకున్నాం. కానీ ఆ కల రాకముందు, ఉపన్యాసం మొదటి భాగంలో ఒక చెక్కు వస్తుంది. నేను పాఠం చెప్పినన్నాళ్ళూ ఆ చెక్కు దగ్గరే ఎక్కువసేపు ఆగేవాణ్ణి.

కింగ్ చెప్పింది స్థూలంగా ఇది. మనం రాజధానికి వచ్చింది ఒక చెక్కు మార్చుకోవడానికి. ఈ దేశాన్ని నిర్మించినవాళ్ళు స్వాతంత్ర్య ప్రకటన రాసిన రోజునే ఒక ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టారు. నల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ సమానంగా హక్కులు ఉంటాయన్నది ఆ నోటులోని మాట. నల్లవాళ్ళ విషయంలో అమెరికా ఆ నోటు చెల్లించలేదు. చెల్లని చెక్కు చేతిలో పెట్టింది. 'ఇన్‌సఫిషియెంట్ ఫండ్స్' అన్న రాతతో అది వెనక్కి వచ్చింది. అయినా న్యాయం అనే బ్యాంకు దివాలా తీసిందంటే మేము నమ్మము.

మన మిర్చి యార్డులో టిక్కీలు అమ్ముకున్న రైతును తలచుకో. కమిషన్ వ్యాపారి ఇచ్చిన చెక్కు బౌన్సయితే ఆ రైతు కొట్టు ముందు చేతులు కట్టుకుని నిలబడతాడా? సరుకు తనది, డబ్బు తనకు రావలసింది. గొంతు దానంతట అదే లేస్తుంది. కింగ్ ఆ రూపకంతో చేయించిన పని సరిగ్గా అదే. అప్పటిదాకా హక్కుల మాట వచ్చినప్పుడల్లా 'ఇంకొంత కాలం ఓపిక పట్టండి, నెమ్మదిగా ఇస్తాం' అనేవాళ్ళు. ఆ మాటల్లో ఇచ్చేవాడు దాత, అడిగేవాడు యాచకుడు. చెక్కు రాగానే దాత కాస్తా బాకీదారు అయిపోయాడు. బాకీ పడ్డవాడే ఓపిక పట్టమంటే ఎలా ఉంటుంది? పైగా ఆ మాటలు రేడియోలో, టీవీలో వింటున్న తెల్లవాళ్ళలో దుకాణదారులు ఉన్నారు, గుమాస్తాలు ఉన్నారు. జాతి వివక్ష తమకు పట్టని సంగతి అనుకునేవాడికి కూడా చెల్లని చెక్కు అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర లేదు.

'ఇందులో ఎక్స్‌టెండెడ్ మెటఫర్ (సాగదీసిన రూపకం) ఉంది, అది ఉపన్యాసానికి అందం తెచ్చింది' అని రాస్తే దిద్దేవాడు ఆవులిస్తాడు. 'విన్నపాన్ని బాకీ వసూలుగా మార్చింది' అని రాయి, కళ్ళజోడు సర్దుకుని చదువుతాడు.

అదే ఉపన్యాసంలో అసలు మాట మొదలయ్యేది 'ఫైవ్ స్కోర్ ఇయర్స్ ఎగో' అని. స్కోర్ అంటే ఇరవై, అయిదు ఇరవైలు వంద. అధ్యక్షుడు లింకన్ ఇచ్చిన బానిసల విముక్తి ప్రకటన 1863 జనవరి 1న అమలులోకి వచ్చింది, అప్పటికి వందేళ్ళు. వందేళ్ళ కిందట అని మామూలుగా అనవచ్చు కదా? 1863 నవంబరులో గెటిస్‌బర్గ్‌లో లింకన్ తన చిన్న ప్రసంగాన్ని 'ఫోర్ స్కోర్ అండ్ సెవెన్' అంటూ మొదలుపెట్టాడు. అంటే ఎనభై ఏడేళ్ళ కిందట, 1776లో. ఆ పాత పలుకుబడిని అందుకోగానే కింగ్ వెనక మందిరంలో కూర్చున్న రాతి లింకన్ అతని తరఫు సాక్షి అయ్యాడు. దీన్ని అల్యూజన్ అంటారు. పేరు మరిచిపోయినా ఫర్వాలేదు, ఆ విగ్రహం ఎవరిదో, ఉపన్యాసకుడు ఎక్కడ నిలబడ్డాడో మరిచిపోకు.

ఇక అలవాటు చేసుకోవలసిన పద్ధతి. ఉపన్యాసాన్ని కళ్ళతో చదవకు, పైకి చదువు. చెవికి తగిలిన చోట గీత గీయి. తరువాత ఆ వాక్యాన్ని విరిచి, అలంకారం లేకుండా నీ మాటల్లో తిరగరాయి. ఏమి పోయిందో చూడు. 1961 జనవరి 20న అమెరికా అధ్యక్షుడుగా ప్రమాణం చేసి కెనెడీ అన్న మాట వినే ఉంటావు: దేశం నీకు ఏమి చేయగలదని అడగకు, దేశానికి నువ్వు ఏమి చేయగలవో అడుగు. దీన్ని విరిస్తే 'స్వార్థం మాని దేశసేవ చేయండి' అని మిగులుతుంది. ఆగస్టు పదిహేనున జెండా ఎగరేసిన ప్రతి పెద్దమనిషీ అనేదే. అసలు వాక్యంలో ఉన్నవి రెండే పాత్రలు, నువ్వూ దేశమూ. రెండో సగంలో అవి చోటు మార్చుకుంటాయి. తక్కెడ సమానంగా నిలిచినట్టు అనిపించి, కాదనడానికి సందు దొరకదు. మరి ఏమి చేయాలో ఆ వాక్యం చెప్పిందా? లేదు. సేవ చేయడానికి అమెరికన్లను విదేశాలకు పంపే పీస్ కోర్ పెడుతున్నట్టు ఆదేశం వచ్చింది మార్చి 1న. వాక్యం ముందు పుట్టింది, పని తరువాత పుట్టింది. ఇటువంటివి గమనించి రాస్తే నీ జవాబు పక్క బెంచీ జవాబులా ఉండదు.

పాత ఉపన్యాస సంకలనాలు విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలలో వెతికితే దొరుకుతాయి. బేరం ఆడి తీసుకో.

ప్రశ్న: 1947 ఆగస్టు 14 రాత్రి నెహ్రూగారు 'అర్ధరాత్రి గంట కొట్టే వేళ, ప్రపంచం నిద్రపోతుండగా, భారతదేశం మేలుకుంటుంది' అన్నారు. ఆ సమయానికి లండన్‌లో సాయంత్రం, అమెరికాలో పట్టపగలు అని మా మనవడు వాదిస్తున్నాడు. అంత చదువుకున్న మనిషి అలా ఎందుకన్నారు?
— విశ్రాంత ఉద్యోగి, తెనాలి

జవాబు: మీ మనవడు లెక్కల్లో దిట్ట అయి ఉంటాడు. వాడి లెక్క సరైనదే. కానీ ఆ వాక్యం నిలబడింది నిద్ర, మెలకువ అనే జంట మీద. ఇంగ్లిషులో యాంటిథెసిస్ అంటారు. ఒక పక్క ప్రపంచాన్ని మొత్తంగా నిద్రపుచ్చితే తప్ప రెండో పక్క మెలకువకు వెలుగు రాదు. రాజ్యాంగ సభలో కూర్చున్న ఏ ఒక్కరూ ఆ క్షణాన లండన్‌లో టైము ఎంతయిందో చూసుకోలేదు.

మనవడికి ఆ ముందు వాక్యం చూపించండి. విధితో చేసుకున్న ప్రతిజ్ఞను ఇప్పుడు నెరవేర్చుకుంటున్నాం అంటూనే, పూర్తిగా కాదు, నిండు కొలతతో కాదు, చాలామటుకు అంటారు నెహ్రూ. దేశం రెండు ముక్కలవుతున్న రాత్రి అది. సంబరపు ఉపన్యాసంలో ఎవరూ కోరని తగ్గింపు అది. గడియారం దగ్గర కొంత అతిశయోక్తికి పోయిన మనిషి, అసలు సంగతి దగ్గర తూకం తప్పలేదు. ఉపన్యాసకుడు ఎక్కడ పెంచాడో చూసినట్టే ఎక్కడ తగ్గించాడో కూడా చూడమనండి.

ప్రశ్న: మా అమ్మాయికి నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్ కోసం తిరుగుతున్నాము. ఒక కేంద్రం వాళ్ళు ఇచ్చిన ఇంగ్లిషు బ్రోచర్ పంపుతున్నాను. చదివిన ప్రతిసారీ ఇప్పుడే వెళ్ళి ఫీజు కట్టేయాలనిపిస్తోంది. మా వారు మాత్రం 'అందులో ఏముంది' అంటున్నారు. మీరు చదివి చెప్పండి.
— ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, మీ బ్రోచర్ నా బల్ల మీద ఉంది. నాలుగు పేజీలు, నున్నటి కాగితం, మంచి అచ్చు. రాసినవాడు పనిమంతుడు. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయను, అవసరం కూడా లేదు. బెంజి సర్కిల్ దగ్గర తలెత్తి చూస్తే ఇదే భాష అన్ని హోర్డింగుల మీదా ఉంటుంది.

మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో, మీ బిడ్డను వెనకబడనివ్వకండి అన్న అర్థం వచ్చే ఇంగ్లిషు వాక్యం ఉంది. ఇది సలహాలా కనిపిస్తుంది. దీని కింద చెప్పకుండా దాచిన మాట ఒకటి ఉంది, మిగతా పిల్లలు ఇప్పటికే ముందుకు వెళ్ళిపోయారని. దానికి రుజువు అడగాలని మనకు తోచదు, ఎందుకంటే దాన్ని ఎవరూ పైకి అనలేదు. భయం మనమే తయారుచేసుకున్నాం, వాళ్ళు సామాను అందించారంతే. మీకు ఫీజు కట్టేయాలనిపించింది ఇక్కడే.

రెండో పేజీలో తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు వేసుకున్న నడివయసు ఆయన చిరునవ్వు నవ్వుతున్నాడు. కింద పేరు లేదు. ఆయన డాక్టరా, అక్కడి అధ్యాపకుడా, ఫోటోలు అమ్మే కంపెనీ దగ్గర కొన్న బొమ్మా? ఏదీ చెప్పలేదు కాబట్టి అబద్ధమూ ఆడలేదు. డాక్టరు మీద మనకున్న గౌరవం ఆ పేజీ మీదికి పాకింది. 1937లో న్యూయార్క్‌లో ప్రచారపు ఎత్తుగడలను పరిశీలించడానికి ఒక సంస్థ పుట్టింది. అది ఏడు ఎత్తుగడలకు పేర్లు పెట్టింది. ఒక గౌరవాన్ని ఇంకొకదాని మీదికి బదిలీ చేసే ఈ ఎత్తుగడకు వాళ్ళు పెట్టిన పేరు ట్రాన్స్‌ఫర్. మమ్మల్ని నమ్మే వేలాది తల్లిదండ్రులలో మీరూ చేరండి అని మూడో పేజీలో ఉంది, దానికి పేరు బ్యాండ్‌వాగన్. వేలాది అంటే ఎన్ని వేలు, ఏ సంవత్సరంలో, వాళ్ళలో ఎందరు మళ్ళీ రెండో బిడ్డను పంపారు?

ఇప్పుడు అంకెలు. ఇక్కడ నెమ్మదిగా చదవాలి. పన్నెండు మంది పిల్లల ఫోటోలు, పక్కన ర్యాంకులు. బాగుంది. పన్నెండు ఎంతమందిలో? మూడు వందల మందిలోనా, మూడు వేల మందిలోనా? పైన ఉన్న అంకె చెప్పి కింద ఉన్న అంకె మింగేస్తే అది సగం భిన్నం. ఆ పిల్లలు ఏడాది పొడుగునా అక్కడే చదివారా, చివర్లో నమూనా పరీక్షలు మాత్రమే రాశారా? ర్యాంకు మొత్తం దేశానిదా, ఏదైనా వర్గంలోనిదా? టీవీలో 'ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు' అని ఊపిరి తీసుకోకుండా చదివే ప్రకటనలు మన ఊళ్ళ పిల్లలకు జోలపాట వంటివి అయిపోయాయి. అందులో కర్త లేదు, క్రియ లేదు, ఉన్నది పునరుక్తి ఒక్కటే. అయినా పనిచేస్తుంది. వాక్యమే లేనిదాన్ని ఎవరు ఖండించగలరు?

ఇంకా చిన్న అక్షరాలలో 'అప్ టు' యాభై శాతం స్కాలర్‌షిప్ అని ఉంది. యాభై కనబడుతుంది, దాని ముందున్న రెండు చిన్న మాటలు కనబడవు. రెండు శాతం ఇచ్చినా ఆ వాక్యం నిజమే అవుతుంది. సీట్లు పరిమితం అన్నారు. పరిమితం కాని సీట్లు భూమ్మీద ఎక్కడున్నాయి?

2024 నవంబరు 13న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఎంపిక శాతాల గురించి, ర్యాంకుల గురించి తప్పుడు మాటలు చెప్పకూడదు. విద్యార్థి పేరు, ఫోటో వాడాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, అదీ ఫలితం వచ్చిన తరువాతే. ఏ కోర్సు, ఎంతకాలం, డబ్బు కట్టి చదివారా అన్నది ఫోటో పక్కనే చెప్పాలి. సీట్లు అయిపోతున్నాయని లేని తొందర పుట్టించకూడదు. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఇన్ని చెప్పాను కదా అని ఆ కేంద్రం మంచిది కాదని నేను అనడం లేదు. మంచిదో కాదో ఈ నాలుగు పేజీల నుంచి తెలియదని అంటున్నాను. మీ వారు అన్నదీ దాదాపు అదే. బ్రోచర్ ఇంట్లో పెట్టి వెళ్ళండి. పోయిన ఏడాది బయాలజీ ఎవరు చెప్పారు, వాళ్ళు ఇప్పుడు ఉన్నారా, మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగి ఇస్తారు, ఇది కాగితం మీద రాసిస్తారా అని అడగండి. అక్కడ హాస్టల్ మెట్ల మీద కూర్చున్న పిల్లలతో కాసేపు మాట్లాడండి.

ప్రశ్న: సిమిలీ అంటే ఉపమ, మెటఫర్ అంటే రూపకం. మన అలంకార శాస్త్రంలో లేనిది ఇంగ్లిషువాళ్ళు కొత్తగా ఏమి చెప్పారు?
— తెలుగు ఉపాధ్యాయుడు, మంగళగిరి

జవాబు: అయ్యా, మీ ప్రశ్నలో కొంచెం కారం ఉంది, బాగుంది. ఇంగ్లిషువాళ్ళు చెప్పింది తక్కువే, వాళ్ళకు అది గ్రీకుల నుంచి వచ్చింది. మీరు చెప్పిన జంటలే కాదు, ఒక పాదం చివరి మాటతో తరువాతి పాదం ఎత్తుకునే ముక్తపదగ్రస్తం వాళ్ళకు అనడిప్లోసిస్. పొగిడినట్టే తిట్టే వ్యాజస్తుతికి దగ్గరగా వాళ్ళ ఐరనీ ఉంది. లాటానుప్రాసకు కూడా చుట్టం దొరుకుతుంది. 'సేవ చేసే చేతులే చేతులు' అన్నప్పుడు రెండో 'చేతులు' అర్థంలో మారకుండా తాత్పర్యంలో పెరుగుతుంది. కొంటె పని చేసిన కుర్రాణ్ణి వెనకేసుకొస్తూ ఇంగ్లిషులో 'బాయ్స్ విల్ బి బాయ్స్' అంటారు, అదీ అదే అచ్చు. మనం పొగడ్తకు వాడాము, వాళ్ళు క్షమాపణకు వాడారు.

తేడా పుట్టినచోట ఉంది. మన అలంకారికులు కావ్యాన్ని ఎదురుగా పెట్టుకుని ఆలోచించారు. గ్రీకుల రెటారిక్ కోర్టులో పుట్టింది. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్‌లో నియంతలు పోయాక, లాక్కున్న భూముల కోసం జనం దావాలు వేసుకున్నారని, వాళ్ళకు వాదించడం నేర్పడంతోనే ఈ విద్య మొదలైందని సంప్రదాయం. అందుకే తరువాత వచ్చిన అరిస్టాటిల్ వినేవాణ్ణి ఒప్పించే దారులు మూడు చెప్పాడు. చెప్పే మనిషి మీద నమ్మకం ఈథోస్, వినేవాడి మనసులో కదలిక పేథోస్, మాటలోని తర్కం లోగోస్.

దీనికి మన దగ్గర జోడీ వెతకాలంటే అలంకార శాస్త్రం వదిలి న్యాయశాస్త్రానికి వెళ్ళాలి. వాదం, జల్పం, వితండ అని చర్చను మూడుగా విడదీసింది వాళ్ళే. సొంత పక్షం నిలబెట్టకుండా ఎదుటివాడిది కూల్చడమే వితండ. రోజూ టీవీ చర్చలు చూసేవాళ్ళకు వేరే ఉదాహరణ అక్కరలేదు. ఎదుటివాడి మాటకు వేరే అర్థం తీసి అడ్డు తగలడాన్ని వాళ్ళు ఛలం అంటారు. అందులో ఒక రకానికి ఇచ్చే ఉదాహరణ 'మంచెలు అరుస్తున్నాయి' అన్నది. చేలో మంచె మీద ఉన్న మనుషులు కేకలేస్తున్నారని దాని అర్థం. 'కొయ్య మంచె అరవడమేమిటి' అని అడ్డు తగిలితే అది ఉపచార ఛలం. పై ఉత్తరంలో తెనాలి మనవడు నెహ్రూగారి వాక్యానికి చేసింది అదే. మీ పదో తరగతి పిల్లలకు చెప్పి చూడండి, ఒకదాని పేరుతో దానికి సంబంధించిన ఇంకొకదాన్ని చెప్పే ఇంగ్లిషు మెటోనమీ కూడా అదే దెబ్బకు వచ్చేస్తుంది.

ప్రశ్న: మా దుకాణం ముందు కాలువ కోసం తవ్వి వదిలేశారు. పక్కన 'ఇన్‌కన్వీనియన్స్ రిగ్రెటెడ్' అని బోర్డు పెట్టారు. చదివితే ఒళ్ళు మండుతోంది కానీ ఎవరి మీద మండాలో తెలియడం లేదు. ఈ ఇంగ్లిషులో మాయ ఏమిటి?
— వ్యాపారి, గవర్నరుపేట, విజయవాడ

జవాబు: మీ ఒంటికి తెలిసింది వ్యాకరణమే. రెండే మాటలున్న ఆ బోర్డులో మనిషి లేడు. తవ్వింది ఎవరు? చింతిస్తున్నది ఎవరు? కర్త మాయమైన ప్యాసివ్ (కర్మణి వాక్యం) అది. ఇక ఆ మొదటి మాట, మీ మెట్ల ముందు వేసిన చెక్కపలక, గల్లాపెట్టె మీద దుమ్ము, గుంత చూసి వెనక్కి తిరిగిన కొనుగోలుదారు, వీటన్నిటినీ ఒక మెత్తటి నామవాచకంలో చుట్టేసింది. గుంతకు కోపం తెచ్చుకోవచ్చు, అసౌకర్యానికి ఎవరు కోపం తెచ్చుకుంటారు?

ఇది చిన్న బోర్డుల భాషే అనుకోకండి. 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలు అమ్మిన వ్యవహారం గురించి మాట్లాడుతూ పెద్ద పొరపాట్లు జరిగాయి అన్నాడు. 'మిస్టేక్స్ వర్ మేడ్' అన్న ఆ అచ్చు ఇంగ్లిషులో ఇప్పుడు ఎగతాళి మాటగా స్థిరపడింది. అలాగని ప్యాసివ్ కనబడ్డ చోటల్లా దొంగను వెతకనక్కర లేదు. దొంగను అరెస్టు చేశారంటే చేసింది పోలీసులని అందరికీ తెలుసు. చేసినవాడు ఎవరో తెలియవలసిన చోట తెలియకుండా ఉంటేనే అనుమానించాలి.

మీరు ఫిర్యాదు రాస్తారు కదా, అందులో ప్రతి వాక్యానికీ కర్తను పెట్టండి. ఎవరి పనివాళ్ళు ఏ తేదీన తవ్వారు, ఎవరు ఎప్పటికి పూడుస్తామన్నారు అని. మీరు కూడా 'తవ్వబడింది' అని రాస్తే ఆ గుంత ఎవరిదీ కాకుండా పోతుంది.

ప్రశ్న: కాలేజీ డిబేట్ జట్టులో ఉన్నాను. మీరు ఒక పక్క ఇవన్నీ ఎత్తుగడలు, జాగ్రత్త అంటారు. ఇంకో పక్క నేర్చుకోమంటారు. ఇదంతా ఒక రకంగా మోసం కాదా?
— విద్యార్థి, గుంటూరు

జవాబు: నాయనా, నీకు ఇష్టం లేని మనిషి ఉపన్యాసంతోనే చెబుతాను. చర్చిల్ అంటే మనలో చాలామందికి గిట్టదు, 1943 బెంగాల్ కరవు సంగతి తెలిసినవాళ్ళకు అసలే గిట్టదు. నాకూ గిట్టదు. కానీ 1940 జూన్ 4న, యుద్ధకాలపు బ్రిటన్ ప్రధానిగా అతను బ్రిటిష్ పార్లమెంటులో మాట్లాడింది పూర్తిగా చదువు.

అందరికీ తెలిసిన 'వి షల్ ఫైట్' అన్న పునరుక్తి చివర్లో వస్తుంది. దానికి ముందు చాలాసేపు ఉన్నవన్నీ చెడ్డ కబుర్లే. జర్మన్ సేనలు చుట్టుముట్టిన ఫ్రాన్సు రేవు డన్‌కర్క్ నుంచి మూడు లక్షల ముప్పై అయిదు వేల మందికి పైగా సైనికులు ప్రాణాలతో బయటపడ్డారు, దేశం పండగ చేసుకుంటోంది. ఇది విజయం అనుకోవద్దు, ఖాళీ చేసి రావడం వల్ల యుద్ధాలు గెలవము అన్నాడు. ముప్పై వేలకు పైగా మనుషులు చనిపోయారు, గాయపడ్డారు, కనబడకుండా పోయారు, వెయ్యి దాకా ఫిరంగులు పోయాయి అని లెక్క చెప్పాడు. గొంతు పెంచడానికి ముందు ఖాతా విప్పి చూపించాడన్నమాట. ఆ చివరి మాటలను జనం నమ్మడానికి ఇదొక కారణం.

ఇంక ఆ పునరుక్తిలోకి దిగి చూడు. పోరాడతామన్న చోట్లు వరసగా ఏమిటి? ఫ్రాన్సు, సముద్రాలు, ఆకాశం, తరువాత సొంత తీరం, విమానాలు దిగే నేలలు, పొలాలు, వీధులు, కొండలు. మాట ముందుకు దూకుతోంది, చోట్లు మాత్రం వెనక్కి జరుగుతున్నాయి. శత్రువు మన వీధుల్లోకి రావచ్చని, కొండలెక్కవలసి రావచ్చని ఆ వరసలోనే ఒప్పుకున్నాడు. ధైర్యం చెప్పే అలంకారంలోనే ప్రమాదం ఎంతదో కొలిచి పెట్టాడు. ఇది మోసమంటావా? పేరు లేని తెల్లకోటు ఫోటోనూ దీన్నీ ఒకే గాటన కట్టలేను. అక్కడ ఎత్తుగడ తీసేస్తే ఏమీ మిగలదు. ఇక్కడ తీసేసినా లెక్కలు మిగులుతాయి. నీ డిబేట్ ప్రసంగానికి కూడా ఈ పరీక్ష పెట్టు. మెరుపు వాక్యాలు కొట్టేశాక కాగితం మీద ఏమి మిగిలిందో చూసుకో.

అన్నట్టు, ఫోనులో ఆ ఉపన్యాసం చర్చిల్ గొంతుతో వింటున్నామని మురిసిపోయేవాళ్ళు చాలామంది. ఆ రికార్డింగు 1949లో చేసింది. 1940లో ఆ రాత్రి బీబీసీలో కొన్ని భాగాలు చదివింది వార్తలు చదివే మనిషి. అయినా బ్రిటన్ విన్నది.

ప్రశ్న: అతిశయోక్తికి ఇంగ్లిషు మాటను మా సారు 'హైపర్‌బోల్' అంటారు. యూట్యూబులో వేరేగా అంటున్నారు. ఏది సరైనది?
— పదో తరగతి విద్యార్థి, సత్తెనపల్లి

జవాబు: హైపర్‌బొలీ. చివరి 'ఈ' పలకాలి. మీ సారు ముందు మాత్రం దిద్దకు, క్లాసు అయ్యాక స్టాఫ్ రూములో నిఘంటువు తీసుకెళ్ళి 'సార్, దీన్ని ఎలా పలకాలి' అని అడుగు.